చల్లచుక్క చేసిన ఘనకార్యం

పాలను పెరుగు చేయడానికి వేసే చెంచాడు పులిసిన చల్లకి మన ఆడవాళ్ళు 'తోడు' అని పేరు పెట్టారు. నిఘంటువులో 'చేమిరి' అని మరో మంచి మాట వున్నది గాని, మా ప్రాంతంలో ఆ మాట వాడే ఇల్లు నాకింతవరకు తగలలేదు. 'తోడు' అంటేనే అందరికీ అర్థమవుతుంది. పాఠం చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక నాకు ఆ మాట దగ్గర కాస్సేపు ఆగాలనిపిస్తుంది. తోడు అంటే జత, సాయం. పాలు వాటి మానాన అవి వుంటే విరిగిపోతాయి. మంచి తోడు దొరికితే పెరుగవుతాయి. ఆ తోడుగా వచ్చేది ఎవరో మన అమ్మమ్మలకు తెలియదు. అయినాసరే, రాత్రి దీపం తగ్గించబోయే ముందు పాలకి తోడువేయడం మాత్రం ఏనాడూ మానలేదు.

నేను పాఠాలు చెప్పేది సూర్యాపేటలో. మా అక్కయ్యగారి ఇల్లు కోదాడలో. ఆమె కూతురిని మిర్యాలగూడ ఇచ్చారు. ఈ మూడు వూళ్ళూ ఒకప్పుడు ఒక్క నల్లగొండ జిల్లాలోనివే. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయినప్పుడు కోదాడ దానితో వచ్చింది, మిర్యాలగూడ పాత జిల్లాలోనే వుండిపోయింది. జిల్లాలు ఎలా విడిపోతేనేం, పెరుగు లేకుండా భోజనం ముగించని విషయంలో మూడిళ్ళ వాళ్ళమూ ఒకటే. సూర్యాపేటలో మేము 'బర్రె' అంటాము, 'చల్ల' అంటాము. పెద్దరోడ్డు వెంట తూర్పుగా పోయి కోదాడ చేరేసరికి 'గేదె', 'మజ్జిగ' అన్న మాటలు కూడా చెవిన పడతాయి. ఆంధ్ర పొలిమేర దగ్గరైంది కదా! ఇక మిర్యాలగూడ సంగతి చెప్పనే అక్కరలేదు. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక ఎడమకాలువ కింద వరి విరగపండింది. వరి వున్నచోట మిల్లులు వెలిశాయి, గడ్డి వున్నచోట పాడి నిలిచింది. కంచంలో అన్నమూ, దానిమీద పెరుగూ రెండూ ఆ కాలువ పుణ్యమే.

ఆ మిర్యాలగూడ నుంచే ఈ వారం నాకు పని తగిలింది. మా మేనకోడలికి ఇప్పుడు మూడో నెల. డాక్టరమ్మ ఫోలిక్ ఆమ్లం మాత్రలు రాసి, రోజుకొకటి మానకుండా వేసుకోమన్నది. నాలుగో నెల నుంచి ఇనుము కూడా కలిసిన ఎర్రమాత్రలు వేసుకోవాలని చెప్పింది. ఇంట్లో అత్తగారికి ఇది నచ్చలేదు. ఆవిడ మంచి మనిషి, కోడలిని కన్నకూతురిలా చూసుకుంటుంది. భయమంతా అందువల్లనే. "మేము నలుగురిని కన్నం. ఏ మాత్రలు మింగినం? పూటకింత గడ్డపెరుగు తిన్నం, అంతే. ఆ ఎర్రమాత్రలు మింగితే పిల్లగాడు నల్లగ పుడతడంటరు" అన్నదట. పిల్ల నాకు ఫోను చేసి, "మామయ్యా, అత్తమ్మ మాట కాదనలేను, డాక్టరమ్మ మాట తీసెయ్యలేను. పెరుగులో లేనిది ఆ మాత్రలో ఏమున్నది? నువ్వే చెప్పు" అని అడిగింది.

తెలుగు పంతులుకి వైద్యంలో వేలుపెట్టే అధికారం లేదు. డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యమ్మా అని ఒక్క ముక్కలో తేల్చి ఫోను పెట్టేయవచ్చు. కాని ఆమె ప్రశ్నలో చిత్రమైన మెలిక ఒకటి వున్నది. పుల్లటి పెరుగుకీ ఆ చిన్న మాత్రకీ పూర్వపరిచయం వున్నది. ఆ రెంటినీ కలిపిన కథలో ముఖ్యమైన పాత్ర మన తెలుగువాడిది. ఆమెకు చెప్పినంత వివరంగా మీకూ చెబుతాను, వినండి.

ముందు తోడు సంగతి. పాలలో లాక్టోజ్ అనే చక్కెర వున్నది. నోటికి అంతగా తెలియని తీపి అది. మనం వేసిన తోడుచుక్కలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొద్దీ వుంటాయి. గోరువెచ్చని పాలలో పడగానే అవి ఆ చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని విడిచిపెడతాయి. తిన్నకొద్దీ పెరుగుతాయి, పెరిగినకొద్దీ తింటాయి. పులుపు ఒక హద్దుకు చేరేసరికి, అంతవరకు పాలలో తేలియాడుతున్న కేసీన్ అనే మాంసకృత్తు కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. అదే గడ్డపెరుగు. పాలు సలసల కాగుతూండగా తోడువేస్తే ఆ జీవులు చచ్చిపోతాయి. పూర్తిగా చల్లారిపోయాక వేస్తే బద్ధకిస్తాయి. పెద్దవాళ్ళు వేలు ముంచి వేడి చూసి మరీ తోడు వేసేది ఇందుకే. చలికాలంలో గిన్నెను బియ్యం డబ్బాలో దాచడమూ, వేసవిలో పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోయిందని విసుక్కోవడమూ ఇందువల్లనే. రోహిణికార్తెలో సూర్యాపేట ఎండ ఎరిగినవారికి ఈ జీవుల హుషారు సంగతి వేరే చెప్పాలా?

ఒక్కొక్కప్పుడు ఎంత మంచి తోడు వేసినా పాలు తోడుకోవు. ఇల్లాలు తోడును తిడుతుంది, పాలవాణ్ణి తిడుతుంది. దానికి కారణాలు చాలా వుండవచ్చు గాని, అందులో ఒకటి గమనించవలసినది. గేదెకు పొదుగువాపు వచ్చి సూదిమందు వేస్తే, ఆ మందు కొంత పాలలోకి దిగుతుంది. జబ్బుచేసిన సూక్ష్మజీవిని చంపడానికి వేసిన మందుకి పెరుగుచేసే సూక్ష్మజీవి మీద జాలి వుండదు. తోడు చచ్చిపోతుంది, పాలు పాలుగానే వుండిపోతాయి. మందు వేసిన తరువాత ఇన్నిరోజుల పాటు పాలు అమ్మకూడదని పశువైద్యులు గడువు పెట్టడానికి ఇదీ ఒక కారణం. చూశారా, పాలలో వుండకూడనిది వున్నదని ఏ యంత్రమూ లేకుండానే తోడు చెప్పేసింది. ఈ జీవికి సాక్ష్యం చెప్పే గుణం వున్నదన్నమాట. కథంతా ఈ గుణం మీదనే నడుస్తుంది.

పులుపులోని ఆమ్లాన్ని మొదట పట్టుకున్నవాడు స్వీడన్ దేశపు షీలే, అది 1780. ఆ పులుపు సూక్ష్మజీవుల పని అని 1857లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ చూపించాడు. శస్త్రచికిత్సలో శుభ్రత నేర్పిన ఇంగ్లీషు వైద్యుడు లిస్టర్, 1878 నాటికి పాలను పులియబెట్టే జీవిని తక్కినవాటి నుంచి వేరుచేసి, ఒంటరిగా పెంచి చూపించాడు. ఆ తరువాత పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు, బల్గేరియా పల్లెల్లో జనం చాలాకాలం బ్రతకడానికి వాళ్ళు తినే పుల్లటి పెరుగే కారణమన్నాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది గాని, అది రోగనిరోధకశక్తి మీద చేసిన పనికి, పెరుగుకి కాదు. ఆయన మాట విని యూరప్ అంతా పుల్లపాలు తాగడం మొదలుపెట్టింది. ఆయనా తాగాడు. డెబ్భైఒక్క సంవత్సరాలు జీవించాడు. అంతకన్న ఎక్కువ బ్రతికినవాళ్ళు చల్ల తాగుతూ మన పల్లెల్లో ఎందరో వున్నారు, వాళ్ళు పుస్తకాలు రాయలేదు, అంతే!

ఇక అసలు కథ. ఈ జీవుల్లో ఒక దాని పేరు లాక్టోబాసిల్లస్ కేసీ. కేసీ అంటే లాటిన్‌లో జున్నుకి సంబంధించినదని అర్థం. 2020లో శాస్త్రజ్ఞులు లాక్టోబాసిల్లస్ అనే ఒక్క కుటుంబాన్ని ఇరవైఐదుగా పంచి, తలా ఒక ఇంటిపేరు పెట్టారు గనుక ఇప్పుడు దాని పేరు మారింది. మనం పాత పేరుతోనే పిలుద్దాం. ఈ జీవి చాలా సుకుమారి. కావలసిన విటమిన్లలో కొన్నింటిని తనంతట తాను చేసుకోలేదు. ఏ ఒక్కటి తక్కువైనా పెరగదు, పెరగకపోతే పులుపు పుట్టదు.

ఈ సుకుమారాన్నే పనిముట్టుగా వాడుకోవచ్చునని అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్నెల్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 1939లో చూపించారు. ఉపాయం మన వంటింటి ఉపాయం లాంటిదే. ఒక గాజుగొట్టంలో ఆ జీవికి కావలసిన చక్కెర, లవణాలు, విటమిన్లు అన్నీ వడ్డించారు, ఒక్కటి తప్ప. విందుభోజనమంతా పెట్టి ఉప్పు మరచినట్టు. జీవి ముట్టదు. అప్పుడు మనం పరీక్షించదలచిన పదార్థం, అది ఆకురసం కానీయండి, కాలేయసారం కానీయండి, ఒక బొట్టు వేస్తారు. కొరవడిన విటమిన్ అందులో వుంటే జీవి తిని పెరుగుతుంది, గొట్టం పులుస్తుంది. కొంచెం వుంటే కొంచెం పులుపు, ఎక్కువ వుంటే ఎక్కువ పులుపు. ఎంత క్షారం వేస్తే ఆ పులుపు విరుగుతుందో చూస్తే చాలు, విటమిన్ ఎంతవున్నదో లెక్క తేలిపోతుంది. ఎలుకలకీ కోడిపిల్లలకీ వారాల తరబడి మేత పెట్టి చూసే పరీక్ష రెండుమూడు రోజుల్లో ముగిసిపోయింది. వేలుపెట్టి నాకి పెరుగు పులిసిందో లేదో చెప్పే మన అవ్వల విద్యకి ఇది పెద్ద చదువు చదివిన చెల్లెలన్నమాట.

ఆ రోజుల్లో వైద్యులు ఒక చిక్కుముడి విప్పలేక బాధపడుతున్నారు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చి, అక్కడి బట్టలమిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీలను పరీక్షించింది. వాళ్ళ ముఖాలు పాలిపోయి వుండేవి. రక్తం తక్కువ. అది మామూలు పాండురోగం కాదు. రక్తకణాలు సంఖ్యలో తక్కువ, పరిమాణంలో పెద్దవి. వేరొక రకం పాండురోగానికి పనికివచ్చే శుద్ధిచేసిన కాలేయసారం వీళ్ళకు పనిచేయలేదు. కాని చవకగా దొరికే ఈస్టు సారం పెడితే కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. ఈస్టులో ఏదో వున్నది. ఏమిటది? పదేళ్ళు ఎవరికీ తెలియలేదు.

1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనేవారు పాలకూర వంటి ఆకుకూర నాలుగు టన్నులు తెచ్చి, పిండి, వడకట్టి, లాక్టిక్ ఆమ్లం చేసే మరో జీవిని సాక్షిగా పెట్టుకుని, ఒక పదార్థాన్ని చిక్కబరచారు. లాటిన్‌లో 'ఫోలియం' అంటే ఆకు గనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. పేరు దొరికింది గాని, శుద్ధమైన పదార్థం చేజిక్కలేదు, దాని నిర్మాణం తెలియలేదు. నాలుగు టన్నుల ఆకు పిండితే వచ్చేది చిటికెడు కూడా కాదు. దానితో ఏ గర్భిణీకి వైద్యం చేస్తారు?

ఇక్కడ యల్లాప్రగడ సుబ్బారావు గారు ప్రవేశిస్తారు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమహేంద్రవరంలోనూ, మద్రాసులోనూ చదివి, మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని, శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు వేసుకుని నిలబడినందుకు ఆచార్యుడికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసినవాడికి అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. మద్రాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠం చెప్పారు. అమెరికా వెళ్ళక ముందే ఆ ఇంట పెద్ద అనర్థం జరిగింది. ఆయన తోడబుట్టినవారు ఇద్దరు, అన్నగారూ తమ్ముడూ, స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం విరిగిపోతుంది, మనిషి క్షీణించిపోతాడు. సంగ్రహణి అని మనవాళ్ళు చెప్పే రోగానికి దగ్గరిది. వైద్యం చదువుకున్నవాడు ఇంట్లో వుండి కూడా చేయగలిగింది లేకపోయింది.

1922లో ఆయన బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చాకిరీ చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. వైద్యవిద్యార్థులు నేటికీ ఆ జంటపేరు చదువుకుంటారు. కండరం పనిచేయడానికి శక్తినిచ్చే పదార్థాల మీద 1927, 1929 సంవత్సరాల్లో వెలువడిన పరిశోధనలు కూడా ఆ ఇద్దరివే. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే వూళ్ళో వున్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

లెడర్లీలో ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకోవడానికి పెద్ద బలగమే పనిచేసింది. కాలేయం నుంచి సారం తీయడం, ఆ సారాన్ని పాళ్ళుగా విడగొట్టడం, ఏ పాలులో అసలు సరుకు వున్నదో తెలియక కేసీ ముందు పెట్టడం. పులిస్తే వున్నట్టు, పులవకపోతే లేనట్టు. పులిసిన పాలు మళ్ళీ విడగొట్టడం, మళ్ళీ పరీక్ష. సుబ్బారావు గారి బృందంలోని స్టోక్‌స్టాడ్ 1943 నాటికి దానిని శుద్ధమైన రూపంలో వేరుచేశాడు. ఆ పదార్థానికి వారు మొదట పెట్టుకున్న పేరేమిటనుకున్నారు? 'కేసీ కారకం'! అంటే పెరుగుజాతి జీవి కోరుకునే పదార్థం అని. 1945లో ఆ బృందమే దాని నిర్మాణం తేల్చి, కాలేయమూ ఆకులూ అక్కరలేకుండా రసాయనశాలలో తయారుచేసింది. దానితో చిటికెలు కొలిచే అవస్థ పోయి, డబ్బాలలో నింపే కాలం వచ్చింది. పని ఒక్కరిది కాదు, పదిహేను పదహారుమందిది. సుబ్బారావు గారు తన పేరు ముందు పెట్టుకునే స్వభావం కలవారు కాదు. పత్రాల మీద పడుచువాళ్ళ పేర్లు వుంటాయి, వెనక ఆయన వుంటారు.

1945, 46 సంవత్సరాల్లో ఆ మందును వైద్యులు రోగులకు ఇచ్చి చూశారు. లూసీ విల్స్ బొంబాయిలో చూసిన పాండురోగం లాంటిది కుదిరింది. స్ప్రూ రోగులు లేచి కూర్చున్నారు. అన్నదమ్ములిద్దరిని తీసుకుపోయిన జబ్బుకి ఆయన నడిపించిన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది. అప్పటికి పాతికేళ్ళు ఆలస్యమైంది. వాళ్ళకు కాదు, పరాయి ఇళ్ళలోని అన్నదమ్ములకు పనికివచ్చింది.

అంతటితో కథ ఆగలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కాన్సరు వచ్చిన పసిపిల్లలను చూస్తూండేవాడు. ఫోలిక్ జాతి మందులు ఇస్తే ఆ జబ్బు తగ్గకపోగా జోరందుకోవడం గమనించాడు. వెర్రిగా పెరిగే కణాలకి కూడా ఈ విటమినే మేత అయితే, మేతలా కనిపించి మేత కాని దాన్ని పెడితే ఏమవుతుంది? ఈ ఆలోచనకి తగిన మందు లెడర్లీవారే చేసి ఇచ్చారు. దాని పేరు ఎమినాప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటివరకు ఆ జబ్బును మందుతో వెనక్కి తగ్గించిన వైద్యం లేదు. ఆ మందుకి తమ్ముడు మెథోట్రెక్సేట్. పిల్లల రక్తపు కాన్సరుకి అది నేటికీ వాడుకలో వున్నది.

మీ ఇంట్లో కీళ్ళవాతం వున్న పెద్దవాళ్ళకి కూడా ఈ మెథోట్రెక్సేట్ రాసి వుంటారు. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. తక్కిన రోజుల్లో వేసుకొమ్మని ఫోలిక్ ఆమ్లం విడిగా రాస్తారు. ఒకటి మేత, ఒకటి మేత వేషం వేసుకున్న మందు గనుక రెండూ తారుమారు కాకూడదు. వారానికి ఒకసారి వేసుకోవలసినదాన్ని రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చీటీ మీద వారం పేరు పెద్ద అక్షరాలతో రాసి డబ్బాకి అంటించండి.

ఇంతకీ మా మేనకోడలి ప్రశ్న. పెరుగులో ఫోలిక్ జాతి విటమిన్ వున్నదా? వున్నది, కాని తక్కువ. పెరుగుజీవుల్లో కొన్ని దాన్ని తయారుచేస్తాయి, కొన్ని తినేస్తాయి. చివరికి మనకు మిగిలేది కొంచెం. గర్భిణీకి రోజుకి 570 మైక్రోగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో లెక్క కట్టారు. గిన్నెలకొద్దీ పెరుగు తిన్నా అది తీరే లెక్క కాదు. ఆకుకూరలు, పెసలు, కందులు ఇంతకన్న చాలా నయం; అయితే వాటిని ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే విటమిన్ ఆ నీళ్ళతోనే పోతుంది. మాత్ర అక్కర అందువల్ల వచ్చింది.

మరి అత్తగారి తరంలో పిల్లలు పుట్టలేదా? పుట్టారు. పుట్టినవాళ్ళే మన కళ్ళ ముందున్నారు, పుట్టీ దక్కనివాళ్ళ లెక్క ఎవరూ చెప్పరు. గర్భంలో బిడ్డకి మెదడూ వెన్నుపాము అయ్యే గొట్టం మొదటి ఇరవైఎనిమిది రోజుల్లోనే మూసుకోవాలి. అది సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలి పుడుతుంది, లేదా పుట్టీ బ్రతకదు. అలాంటి కాన్పు ఒకసారి అయిన తల్లులకు మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, నూటికి డెబ్భైరెండు పాళ్ళు ఆ అనర్థం తప్పిందని 1991లో ఇంగ్లండు వైద్యపరిశోధక మండలి వారు తేల్చారు.

బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మాత్ర నుంచి రాదు. ఎర్రమాత్రలోని ఇనుము వల్ల నల్లబడేది విరేచనం, బిడ్డ కాదు. ఇంకొక్క సంగతి. ఎర్రమాత్రని పాలతోగాని పెరుగన్నంతోగాని మింగకూడదు. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పెరుగు ఒక పూట, మాత్ర ఒక పూట. మాత్ర వేసుకునేటప్పుడు నిమ్మరసం తాగితే మంచిది.

ఇదంతా అత్తగారు కూడా ఫోనులో విన్నది. "అయితే ఆ మాత్ర కూడ చల్లలకెంచి వచ్చిందేనా?" అన్నది. చల్లలోంచి రాలేదమ్మా, చల్ల సాక్ష్యం చెబితే దొరికిందన్నాను. కాస్సేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "పాపం, ఆ అయ్య అన్నదమ్ములు పోయిన్రా?" అని అడిగింది. మేనకోడలు మాత్ర వేసుకుంటున్నది. గడ్డపెరుగు కూడా మానలేదు. మానమని ఎవరూ చెప్పలేదు.

పెరుగుజీవుల పని అయిపోయిందనుకోకండి. పెరుగు చేసే జీవులకు కూడా వైరస్‌ల పీడ వున్నది. ఒకసారి దాడి జరిగితే ఆ శత్రువు గుర్తును తన జన్యువుల్లోనే రాసిపెట్టుకుని, మళ్ళీ వస్తే పట్టి నరికే విద్య వాటికి వున్నదని 2007లో ఒక పాడిపరిశ్రమ కంపెనీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. క్రిస్పర్ అనే ఆ విద్యను జన్యువులను కోసి సరిదిద్దే కత్తెరగా మార్చినందుకు షార్పెంట్యే, డౌడ్నా అనే ఇద్దరు స్త్రీలకు 2020లో నోబెల్ బహుమానం వచ్చింది.

సుబ్బారావు గారికి అలాంటి బహుమానం ఏదీ రాలేదు. 1948 ఆగస్టులో, ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, ఏభైమూడో ఏట న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. మళ్ళీ ఇండియాకు రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే వుండిపోయారు. బోదకాలుకి వాడే హెట్రజాన్ కూడా ఆయన ప్రయోగశాల నుంచి వచ్చినదే. 1995లో, పుట్టిన నూరేళ్ళకు, మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వేసింది.

చివరిగా ఆడపిల్లల తల్లులకు ఒక మాట. గొట్టం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లో అన్నాను కదా. చాలామందికి అప్పటికి నెల తప్పిందన్న సంగతే తెలియదు. మూడో నెలలో మొదలుపెట్టిన మాత్ర రక్తానికి మేలుచేస్తుంది గాని, ఆ మొదటి పనికి అందదు. గర్భం ధరించాలనుకున్నప్పటి నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోవాలని వైద్యులు చెబుతారు. కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు సారెలో అరిసెలు పెడతాం, చీరెలు పెడతాం, పసుపూ కుంకుమా పెడతాం. డాక్టరమ్మను అడిగి ఆ మాత్రల డబ్బా కూడా ఒకటి పెట్టండి. దాని ఖరీదు గిన్నెడు పెరుగు ఖరీదుని మించదు.